శారమ్మ నవ్విన కాడ

మా చర్చిలో నేనిచ్చిన ఫ్యాన్లు నాలుగున్నాయి. ఒక్కో రెక్క మీదా ఎర్ర రంగుతో నా పేరు, దాని కింద ‘మొక్కుబడి కానుక’ అన్న మాట, 2016 అని సంవత్సరం రాయించాను. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ అక్షరాలు కనబడవు. ఎర్రటి చార ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, అంతే. ఆరాధన మధ్యలో కరెంటు పోతే మాత్రం రెక్కలు మెల్లగా నెమ్మదించి, ఆ చార విడిపోయి, నా పేరు బయటపడుతుంది. సరిగ్గా ఆ ఫ్యాన్లలో ఒకదాని కిందే, ఆడవాళ్ల వైపు చాప మీద, స్తంభానికి ఆనుకుని మామ్మ కూర్చుంటుంది. అయిదేళ్లకు పైగా, కరెంటు పోయిన ప్రతిసారీ నేను తల దించుకుని బైబిలులోకి చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే ఆ రెక్క మీద రాసింది అబద్ధం. నా మొక్కుబడి ఫ్యాన్లు కాదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు మాస్టారిని. గుంటూరు జిల్లాలో కాలువ పక్కన మా ఊరు, ఊరికి ఆనుకుని మా పల్లె, పల్లె మధ్యలో మా తాతల నాటి చర్చి. మామ్మ మాకు చుట్టమేమీ కాదు. పల్లెలో అందరికీ ఆవిడ మామ్మే. ఎనభై దాటాయి. ఒక్క అక్షరం రాదు. నాట్లకూ కోతలకూ వెళ్లి ముగ్గురు బిడ్డల్ని పెంచింది, వాళ్లిప్పుడు తలా ఒక ఊళ్లో ఉన్నారు. ఆవిడ పొయ్యి పక్కన పాలపొడి డబ్బా ఒకటుంటుంది. అన్నానికి బియ్యం కొలిచి కడిగే ముందు ఆ కొలతలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. పిడికిలి బిగించి కాదు, వదులుగా పట్టి, చేతిలో నిలిచినన్ని నిలవనిచ్చి వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాను కొంగు చాటున తెచ్చి బల్ల ముందున్న గంపలో ఒంపుతుంది. దేవునికని పిడికెడు బియ్యం తీసిపెట్టడం మన సంఘాల్లో పాత అలవాటే. మిజోరాం ఆడవాళ్లు కూడా 1910 ప్రాంతంలో ఇలాగే మొదలుపెట్టి, ఆ గుప్పిళ్లతోనే సువార్త పనిని పోషించుకుంటూ వచ్చారు. మామ్మకు మిజోరాం సంగతి తెలియదు. ఒంట్లో బాగోలేక గంజి కాచుకున్న పూట కూడా ఆవిడ డబ్బాలో బియ్యం పడడం నేను కళ్లారా చూశాను.

చిన్నప్పుడు మామ్మ వాళ్ల పల్లెకు బైబిలు స్త్రీ ఒకావిడ వచ్చేదట. 1842లో మిషనరీ హెయ్యర్ దొర గుంటూరులో అడుగుపెట్టాక ఈ జిల్లాలో చదువు లేని ఇళ్ల లోపలికి వాక్యం వెళ్లింది చాలావరకు అలాంటి ఆడవాళ్ల గొంతుల మీదే అని నా నమ్మకం. ఆ బైబిలు స్త్రీ అరుగు మీద కూర్చుని చదువుతుంటే, చేలోంచి వచ్చిన ఆడవాళ్లు కాళ్లకు బురదతోనే చుట్టూ చేరి వినేవారట. తర్వాత ఆవిడ రావడం మానేసింది. ఇక చదివి పెట్టేవాళ్లు లేరు.

2016 సెప్టెంబరులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక గేటు దగ్గర మామ్మ నా చెయ్యి పట్టుకుంది. “నాయనా, కీర్తనలు శానా నోటికొచ్చు. పుస్తకంలో ఏవుందో మొదట్నించి సివరిదాకా ఒక్కసారీ ఇన్లేదు. అయ్యగారు ఓ ముక్క చెప్తారు, ఇంకోళ్లు ఇంకో ముక్క చెప్తారు. నువ్వు సదివితే నాకు తెలుస్తది. ఆదివారం పూట ఓ గంట సదివి పెడతావా?” అంది.

“చూద్దాంలే మామ్మా” అన్నాను. చెయ్యి విడిపించుకుని బండి స్టార్ట్ చేశాను.

అక్టోబరులో మా వాడికి జ్వరం వచ్చింది. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. మూడో రోజుకు డెంగీ అని తేలింది. గుంటూరులో ఆస్పత్రిలో చేర్చాం. లక్షన్నర పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు మొదట అరవై వేలు, మర్నాడు ముప్పై నాలుగు వేలు, ఆ మర్నాడు పొద్దున ఇరవై ఒక్క వేలు. ఇంకా పడితే ఎక్కించాల్సి వస్తుంది, దాతల్ని సిద్ధంగా ఉంచుకోండి అన్నారు. మా ఆవిడ లోపల వాడి పక్కన కూర్చుంది. నేను బయట వరండాలో ఇనుప కుర్చీలో కూర్చున్నాను. రాత్రి రెండు దాటింది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. కళ్లు మూసుకుంటే మామ్మ చెయ్యి, నేను విడిపించుకున్న ఆ చెయ్యే గుర్తొచ్చింది. అప్పుడు నోరు తెరిచి, పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా, పైకే అన్నాను: ప్రభువా, నా బిడ్డను నాకియ్యి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం మామ్మ దగ్గర కూర్చుని ఆదికాండం మొదటి మాట నుంచి ప్రకటన చివరి మాట దాకా ఒక్కటీ వదలకుండా చదివి వినిపిస్తాను.

మర్నాడు సాయంత్రం లెక్క ఇరవై ఏడు వేలు. తర్వాత యాభై రెండు. తర్వాత లక్ష దాటింది. డెంగీలో చాలామందికి అలాగే పడి అలాగే లేస్తాయని డాక్టరు గారు చెప్పారు. నేను మొక్కుకోకపోయినా లేచేవేమో. ఆ ఆలోచన కూడా తర్వాత నాకు బాగా పనికొచ్చింది, తప్పించుకోవడానికి.

చర్చిలో సాక్ష్యం చెప్పాను. నా మొదటి తప్పు అక్కడే ఉంది. “దేవునికి మొక్కుబడి చేసుకున్నాను, ఆయన నా బిడ్డను నాకిచ్చాడు” అన్నాను. ఏం మొక్కుకున్నానో చెప్పలేదు. మామ్మ పేరెత్తలేదు. ఎందుకు చెప్పలేదో ఆనాడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు తెలుసు: చెప్తే తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

మొదలైతే పెట్టాను. వారానికి మూడు అధ్యాయాల చొప్పున ఆరు ఆదివారాలు వెళ్లాను. మామ్మ గుమ్మంలో నీళ్లు చల్లి, నాకు కుర్చీ వేసి, తను గడప మీద కూర్చునేది. నోవహు ఓడ పొడవు మూరల్లో చెప్తే, అది మన చర్చికి ఎన్ని రెట్లో చేత్తో కొలిచి చూసుకునేది. ఆరో వారం పద్దెనిమిదో అధ్యాయం అయింది. డేరా గుమ్మంలో నిలబడి శారా నవ్వడం, తర్వాత అబ్రాహాము సొదొమ కోసం యాభై మంది నుంచి పది మంది దాకా దేవుణ్ణి బతిమాలుతూ రావడం చదివాను. “వచ్చే వారం ఏమైందో సదువు” అంది.

వచ్చే వారం పదో తరగతి వాళ్లకు ఆదివారం స్పెషల్ క్లాసులు పెట్టారు. ఆ పై వారం క్రిస్మస్ నాటకం రిహార్సల్. ఆ తర్వాత వెళ్లడానికి సిగ్గేసింది. రెండు వారాలు ఎగ్గొట్టినవాడికి మూడో వారం వెళ్లడం ఎంత బరువో అనుభవించినవాళ్లకు తెలుస్తుంది.

ఆ బరువు దించుకోవడానికి ఫ్యాన్లు కొన్నాను. నోట్లు రద్దయిన రోజులు అవి. వారానికి 24,000 కంటే ఎక్కువ తీసుకోనిచ్చేవారు కాదు. బ్యాంకు ముందు గంటలకొద్దీ వరుసలో నిలబడి డబ్బు తెచ్చాను. ఇంత కష్టంలో కూడా దేవునికి ఇస్తున్నానే అని కళ్లు చెమర్చాయి కూడా. ఆ కన్నీళ్లు నిజమే, అందుకే అవి నన్ను అంత తేలికగా మోసం చేశాయి. క్రిస్మస్ నాడు పాస్టరు గారు బల్ల దగ్గర నిలబడి, మాస్టారు గారు తమ మొక్కుబడి చెల్లించుకున్నారని ప్రకటించారు. ఆయన తప్పేం లేదు, సాక్ష్యంలో మొక్కుబడి అన్నది నేనే కదా. సంఘమంతా ఆమెన్ అంది. మామ్మ కూడా అంది. నేను లేచి, అయ్యగారూ, నేను మొక్కుకున్నది ఇది కాదు అనలేదు. పెయింటరు ఏం రాయాలని అడిగితే, ‘మొక్కుబడి కానుక’ అని నేనే చెప్పాను.

ఆ రాత్రి మా ఆవిడ అడిగింది. “ఏమండీ, ఆస్పత్రిలో మీరు మొక్కుకున్నది ఫ్యాన్లేనా?”

“ఆఁ” అన్నాను.

తర్వాత అయిదేళ్లు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మామ్మ ఇల్లున్న సందులోంచి వెళ్లడం మానేసి కాలువ గట్టు మీదుగా తిరిగి వెళ్లేవాణ్ణి. ప్రతి డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్‌లో తీర్మానాల చీటీ రాసేవాణ్ణి. రోజుకు మూడు అధ్యాయాలు చదువుతాను, దశమభాగం తప్పను, కోపం తగ్గించుకుంటాను. మామ్మ సంగతి ఏ చీటీలోనూ రాయలేదు. కరోనా లాక్‌డౌన్‌లో చర్చి మూసేస్తే, నాకు ఎవరూ వేలెత్తి చూపలేని సాకు దొరికింది. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఆదివారం ఎదురుపడితే ఒక్కటే అనేది: “బాబు బాగుండాడా నాయనా?”

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నేను వాక్యం బాగా తెలిసినవాణ్ణి, ఆ తెలివిని కూడా వాడుకున్నాను. మనం కృపా కాలంలో ఉన్నాం, మొక్కుబడులు పాత నిబంధన సంగతి అని యవనస్థుల కూడికలో చెప్పాను. ఒట్టు పెట్టుకోవద్దని యేసు ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు కదా అని ఆధారం చూపించాను. ఆ మాట ఎందుకు చెప్పాడో చూడలేదు. ఒట్టు అవసరం లేకుండానే అవునంటే అవునయ్యేలా బతకమని చెప్పాడు. ఒట్టు వేసి కూడా నిలబడని నాకు అది దాక్కునే చోటు కాదు. పౌలు కూడా మొక్కుబడి ఉండి కెంక్రేయలో తల వెంట్రుకలు కత్తిరించుకున్నాడని అపొస్తలుల కార్యాల్లోనే ఉంది. ఆ వచనం నాకు తెలుసు. ఆ కూడికలో దాన్ని చదవలేదు.

2022 మార్చిలో శ్రమకాల కూడికల్లో ఒక శుక్రవారం నన్ను మాట్లాడమన్నారు. అంశం ‘మొక్కుబడులు’. పెద్దలు ఏమీ తెలియక ఇచ్చిందే. కాదనలేక ఒప్పుకుని, గురువారం రాత్రి నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

హన్నా దగ్గర మొదలుపెట్టాను. బిడ్డను ఇస్తే నీకే ఇస్తానని మొక్కుకుంది, పాలు మాన్పించాక షిలోహుకు తీసుకెళ్లి ఆ బిడ్డనే ఇచ్చింది. బిడ్డకు బదులు వెండో బంగారమో ఇవ్వలేదు. ఇచ్చాక కూడా ఏటేటా చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేది. ఏడాదికి ఎంత ఎదిగి ఉంటాడో ఇంట్లో కూర్చుని ఊహించుకుంటూ కొలత పెట్టిన తల్లి. ఇక్కడిదాకా కలం బాగానే నడిచింది.

తర్వాత యాకోబు. బేతేలులో రాయి తలకింద పెట్టుకుని పడుకున్న రాత్రి, నన్ను క్షేమంగా తిరిగి తెస్తే ఈ రాయి దేవుని మందిరమవుతుందని మొక్కుకున్నాడు. ఇరవై ఏళ్లు లాబాను దగ్గర పనిచేసి, మందలతో, బిడ్డలతో క్షేమంగా తిరిగొచ్చాడు. వచ్చి బేతేలుకు వెళ్లలేదు. షెకెము ఎదుట పొలం కొని, అక్కడే డేరా వేసుకుని, అక్కడే ఒక బలిపీఠం కట్టాడు. ఈ భాగం నేను ఎన్నోసార్లు చదివాను, ఈ సంగతి మాత్రం ఆ రాత్రే కంటబడింది. షెకెము నుంచి బేతేలుకు దూరం ముప్పై కిలోమీటర్లకు అటూఇటూ. మందల్ని తోలుకుంటూ వెళ్లినా కొద్ది రోజుల దారి. మొక్కిన చోటుకు ఆ కాస్త దూరం వెళ్లకుండా, తనకు వీలైన చోట, ఘనమైన పేరు పెట్టి మరీ పీఠం కట్టుకున్నాడు. దేవుణ్ణి మరిచిపోలేదు, పూజ మానలేదు. మొక్కింది మాత్రం చెయ్యలేదు. ఆ షెకెములోనే కూతురు దీనాకు అవమానం జరిగింది, ఆయన కొడుకుల చేతులకు నెత్తురంటింది. అప్పుడు దేవుడే, లేచి బేతేలుకు వెళ్లమని చెప్పాల్సి వచ్చింది. మొక్కుబడి మరిచాడు కాబట్టే అదంతా జరిగిందని నేను అనను, గ్రంథం కూడా అలా అనలేదు. కానీ మా ఇంటి నుంచి మామ్మ ఇంటికి మూడు వందల అడుగులు కూడా ఉండదు. నేనేమో చర్చి కప్పుకు నాలుగు ఫ్యాన్లు బిగించాను.

ఆ తర్వాత లేవీయకాండం చివరి అధ్యాయం తీశాను. మొక్కుకున్న ఇల్లు విడిపించుకోవాలంటే వెలకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. బలికి పనికిరాని పశువుకూ అంతే. బలికి తగిన పశువును మొక్కుకుంటే మాత్రం మార్చకూడదు. మంచిదిస్తానని చెడ్డది తేవడం తప్పని ఎవరికైనా తెలుసు. కానీ చెడ్డదాన్ని మొక్కుకుని దాని స్థానంలో మంచిది తేవడం కూడా కూడదని అక్కడుంది. మారిస్తే రెండూ దేవునివైపోతాయి. నేను అక్కడ ఆగిపోయాను. అయిదేళ్లుగా నా మనసులో నేను చెప్పుకుంటున్నది అదే మరి: ఒక ముసలమ్మకు గంటసేపు చదివి పెట్టడం కంటే, నూట యాభై మంది చెమట ఆరబెట్టే ఫ్యాన్లు మంచివి కదా, దేవునికి మేలైనదే ఇచ్చాను కదా అని. ఆ లెక్క నా నోట్లోంచి రాకముందే అక్కడ రాసి ఉంది, కూడదని. ఫ్యాన్లు ఆయనవే. మామ్మ ఆదివారాలూ ఆయనవే. నేను దాచుకున్నవి ఆ ఆదివారాలు.

అననీయ, సప్పీరల కథ నోట్సులో రాసుకునే ధైర్యం చాల్లేదు. పొలం వాళ్లదే, అమ్మాక వచ్చిన డబ్బూ వాళ్ల చేతిలోదే అని పేతురే చెప్పాడు. అంతా ఇవ్వకపోవడం వాళ్ల తప్పు కాదు. కొంత తెచ్చి, ఇదే మొత్తం అని పాదాల దగ్గర పెట్టడం తప్పు. నా భార్య సప్పీర కాదు. ఆమె నిజం అడిగింది, నేను అబద్ధం చెప్పాను.

ఆమెను నిద్ర లేపి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “మీరు కాలువ గట్టు మీదుగా ఎందుకు వెళ్తున్నారో ఇన్నాళ్లూ నాకు అర్థం కాలేదు” అంది చివరికి. పొద్దున్నే పాస్టరు గారి దగ్గరికి వెళ్లి, కూడికలో నేను మాట్లాడలేనని, ఎందుకో చెప్పాను. ఏదైనా అంటారని ఎదురుచూశాను. ఆయన ఒక్క మాట అడిగారు.

“ఎంతవరకు చదివారు?”

“ఆదికాండం పద్దెనిమిది.”

“పంతొమ్మిది నుంచి మొదలుపెట్టండి మాస్టారూ. సాయంత్రం మీరే మాట్లాడండి, ఇప్పుడు నాకు చెప్పిందే చెప్పండి.”

చెప్పాను. కాళ్లు వణికాయి. మామ్మ ఆ శుక్రవారం కూడికకు రాలేదు, మోకాళ్ల నొప్పులు. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వెళ్లి మళ్లీ మొత్తం చెప్పాల్సి వచ్చింది. బాబు కోసం మొక్కుకున్నానని, నిన్ను చూపించి మొక్కుకున్నానని, చెల్లించకుండా చెల్లించానని పేరు వేయించుకున్నానని. కొంత చెప్పాక తెలిసింది, ఆవిడకు సగం కూడా వినబడడం లేదని. ఆ అయిదేళ్లలో కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గర గట్టిగా అంటేనే తెలుస్తుంది. చదివి పెట్టమని ఆవిడ నన్ను అడిగినప్పుడు రెండు చెవులూ బాగున్నాయి. నేను ఆవిడ నుంచి తీసుకున్నది అది, ఏ ఫ్యానుతోనూ తిరిగిచ్చేది కాదు. గడప మీద ఆవిడ పక్కనే కూర్చుని ఏడ్చాను.

ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఊరుకుంది. తర్వాత, “పుస్తకం తెచ్చావా?” అంది. తెచ్చానని చూపించాను. ఎక్కడ ఆపామో మామ్మకు గుర్తుండదేమో, మళ్లీ మొదటి నుంచి చదవనా అని చెవి దగ్గర అరిచి అడిగాను.

“శారమ్మ నవ్విన కాడ ఆపావు. తరవాత అబ్రాహాము బేరం. ఆ ఊరు కాలిపోయిందా, మిగిలిందా?”

అయిదేళ్లుగా ఆవిడకు ఆ ఊరు కాలిపోయిందో లేదో తెలియదు. సొదొమ సంగతి ఏ ప్రసంగంలోనో వినే ఉంటుంది. కానీ ఆ కథలో తన వంతు వచ్చేదాకా ఆగింది.

అప్పటి నుంచి ఎడమ చెవి పక్కన కుర్చీ వేసుకుని గట్టిగా చదువుతున్నాను. పక్కింటివాళ్లకూ, ఎదురింటివాళ్లకూ వినబడుతుంది. పల్లెలో ఒకరిద్దరు గోడ పక్కన నిలబడి వింటారు. గంట చదివేసరికి గొంతు పోతుంది, సోమవారం తరగతిలో పిల్లలు నవ్వుతారు. 2024 మే 13న ఎన్నికల పోలింగు, నాకు డ్యూటీ పడింది. ముందురోజు ఆదివారమే సామాను తీసుకుని కేంద్రానికి వెళ్లాల్సొచ్చింది. అందుకని మంగళవారం సాయంత్రం వెళ్లి చదివాను. మామ్మ ఆదివారం ఎదురుచూసిందట. చెప్పి వెళ్లనందుకు బాధేసింది.

బైబిల్లో మొత్తం 1,189 అధ్యాయాలు. 2016 అక్టోబరులో మొదలుపెట్టి వారానికి మూడు చొప్పున ఆపకుండా చదివి ఉంటే 2024 వేసవికి ప్రకటన గ్రంథం ముగిసేది. ఇప్పటికి 345 అయ్యాయి. ఇంకా 282 ఆదివారాలు కావాలి. మామ్మ వయసు నాకు తెలుసు. రాత్రుళ్లు ఆ లెక్క వేసుకుని దిగులుపడతాను. వారానికి అయిదు చదవనా అని అడిగితే, “మూడే సదువు, మూడైతే వారమంతా నవులుకోవచ్చు” అంది.

మొదటి దినవృత్తాంతములలో ఉన్నాం. తొమ్మిది అధ్యాయాల నిండా దాదాపు పేర్లే. ఇవి వదిలేసి పదో అధ్యాయానికి వెళ్దామా అని అడగబోయాను, సౌలు యుద్ధం అక్కడే మొదలవుతుంది. మాట నోటిదాకా వచ్చింది. ఒక్కటీ వదలకుండా అని వరండాలో అన్నది గుర్తొచ్చి మింగేశాను. పేర్లన్నీ ఒక్కొక్కటే ఆవిడ చెవిలో చదివాను, నోరు తిరగనివి రెండేసి సార్లు. ఆవిడ ఒక్కో పేరుకూ తలాడించింది, ఇంటి ముందు నుంచి ఒక్కొక్కరే వెళ్తుంటే పలకరిస్తున్నట్టు.

ఏడో అధ్యాయం అయ్యేసరికి చీకటి పడింది. మామ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి బియ్యం కొలిచింది. డబ్బాలో గింజలు పడిన చప్పుడు వినబడింది. పుస్తకంలో దారం పెట్టాను. వచ్చే ఆదివారం ఎనిమిది, తొమ్మిది, పది.